హిందూరావు బస్కీలు

కొల్హాపూరులో కుస్తీ నేర్పే తాలీం ఒకటి. ఆ తాలీంకు ఒక పద్ధతి ఉండేది. తప్పు చేసిన పహిల్వాను తెల్లవారగానే మారుతి విగ్రహం ముందు నిలబడి, ఎవరూ చెప్పకుండానే, రోజూ తీసేవాటికి మించి బస్కీలు తీయాలి. ఏం తప్పు చేశావని ఎవరూ అడగకూడదు. అడిగినవాడు కూడా బస్కీలు తీయాలి. అందువల్ల అక్కడ ఎవరి తప్పేమిటో ఎవరికీ తెలిసేది కాదు గాని, తొడలకు మాత్రం కొదవుండేది కాదు.

ఆ తొడల్లో పేరుమోసినవి హిందూరావు చౌగులేవి. ఇరవై ఏడేళ్ళ మనిషి. నడుముకు పైన మామూలు పహిల్వాను, నడుముకు కింద రెండు చింతమొద్దులు. ప్యాంటు కుట్టించుకోవడానికి వెళ్తే దర్జీ టేపు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, "పహిల్వాన్, ఇది నడుమా తొడా?" అని అడిగాడు. రెండేళ్ళుగా హిందూరావు అదనపు బస్కీలు తీయని పొద్దు దాదాపు లేదు. ఒక్కోరోజు ఉదయం తీసినవి చాలక సాయంత్రం కూడా వచ్చి తీసేవాడు.

ఆ బస్కీలన్నిటి వెనకా ఉన్న తప్పు ఒక్కటే. పుస్తకాల్లో దానికి హస్తప్రయోగమని పేరు. తాలీంలో దానికి పేరే లేదు. పేరు లేని పనిని ఎవరూ చేయరని అక్కడివాళ్ళ ధీమా.

తాలీం పెద్ద దత్తోబా వస్తాద్. డెబ్బై దాటాయి. జీవితమంతా కుస్తీల్లో నలిగి ఆయన చెవులు ఎండు అంజూరాల్లా ముడుచుకుపోయాయి. కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా ఆయన గోదా గట్టు మీద కూర్చుని ఒకే పాఠం చెప్పేవాడు.

"పాలు తాగితే రక్తమవుతుంది. రక్తం కాగి కాగి వీర్యమవుతుంది. అదే రా బలం. ఒక్క చుక్క పోయిందా, వారం రోజులు తిన్న బాదమంతా కాలవలో పోసినట్టే. అర్థమైందా?"

అర్థమైందని అందరూ తలలూపేవారు. వెనకవరసలో హిందూరావు కూడా ఊపేవాడు. ఆ లెక్కన తాను ఈపాటికి ఒక బాదంతోటనే కాలవపాలు చేశానని అతను మనసులో అనుకునేవాడు.

వస్తాద్‌కు ఇవేవీ తెలియవు. ఆయనకు కనబడేదల్లా తెల్లవారుజామున చెమటలు కక్కుతూ బస్కీలు తీసే ఒక కుర్రవాడు. తప్పు చేస్తే ఎవడైనా వారానికోసారి తీస్తాడు, నెలకోసారి తీస్తాడు. రోజూ తీస్తున్నాడంటే అది తప్పు కాదు, తపస్సు. ఆయన అలా నిశ్చయించుకున్నాడు.

"చూడండ్రా వీణ్ణి! మీరంతా పళ్ళు తోముకోవడానికే బద్ధకిస్తారు. వీడు అడక్కుండా, చెప్పకుండా మారుతికి సేవ చేస్తున్నాడు. వాడి తొడ మీద కొబ్బరికాయ కొట్టొచ్చు."

"కొట్టి చూద్దామా వస్తాద్?" అన్నాడు గజానన్ ఖోత్. తాలీంలో నోరు ఎక్కువున్నవాడు అతనే.

"ముందు నీ బుర్ర మీద కొడతాను, అదే మెత్తగా ఉంటుంది."

ఆ ఏడు చెరకు కోతలు మొదలయ్యే రోజుల్లో వస్తాద్ అందరినీ పిలిచి ఒక మాట చెప్పాడు. తనకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక పొద్దుటి సాధన హిందూరావు చూసుకుంటాడు. వచ్చే శనివారం గోదా మట్టి తవ్వే పార, పెత్తనానికి గుర్తుగా, అతని చేతికిస్తారు. పార తీసుకునేవాడు మారుతి పాదాల మీద చెయ్యి వేసి, ఈ తాలీంలో అడుగు పెట్టింది మొదలు నా లంగోటా పదిలమని, అంటే బ్రహ్మచర్యం చెడలేదని, ప్రమాణం చేయాలి. ఆయనా అలాగే చేశాడు, ఆయన వస్తాదూ అలాగే చేశాడు.

అందరూ హిందూరావు వీపు మీద చరిచారు. అతను నవ్వాడు. తరవాత స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మర్నాడు పొద్దున మామూలు కంటే ఎక్కువ బస్కీలు తీశాడు.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. అందరిలాగే అతనికీ ఆ పని అప్పుడప్పుడూ ఉండేది. చేయడం, సిగ్గుపడటం, నాలుగు బస్కీలు తీయడం, మరిచిపోవడం. అన్న మాలోజీ పోయాక అది మారిపోయింది.

మాలోజీ కూడా ఆ తాలీం పహిల్వానే. పెళ్ళయ్యాక కూడా వారంలో సగం రోజులు ఇక్కడే ఉండేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పహిల్వాన్లంతా పొడుగాటి గదిలో వరసగా పక్కలేసుకుని పడుకుంటారు. గోడవైపు మాలోజీ, అతని పక్కన హిందూరావు. అన్న ఒక కాలు తమ్ముడి మీద పడేసి గురకపెట్టేవాడు. తీస్తే మళ్ళీ వేసేవాడు. ఒక సాయంత్రం ఊరికి వెళ్తుంటే దీపాల్లేని చెరకు ట్రాలీ ఒకటి రోడ్డు మీద నిలబడి ఉంది. మోటారుసైకిలు దాని కిందికి వెళ్ళిపోయింది.

తాలీంవాళ్ళు దినాలయ్యాక మాలోజీ పడుకునే చోటును అలాగే వదిలేశారు. అక్కడ ఎవరూ పక్క వేయకూడదని వస్తాద్ ఆజ్ఞ. మేకుకు వేలాడే అతని లంగోటాను కూడా తీయనివ్వలేదు. పోయినవాడి పట్ల అంతకంటే మర్యాద ఏముంటుందని ఆయన ఉద్దేశం.

ఆ మర్యాద పక్కన పడుకున్నవాడు హిందూరావు. మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక అతను అటు తిరిగితే నేల కనబడేది. కాసేపు చూసేవాడు. తరవాత ఫోను తీసుకుని స్నానాలగదికి వెళ్ళేవాడు. అక్కడ కొంతసేపు ఏమీ గుర్తుండేది కాదు. అదే కావాలి అతనికి. బయటికి వచ్చేసరికి అన్నీ గుర్తుండేవి, వాటికి తోడు ఒక సిగ్గు. ఆ సిగ్గును మరిచిపోవడానికి మళ్ళీ లోపలికి వెళ్ళేవాడు. క్రమంగా మధ్యాహ్నం సరిపోలేదు. సాధన మధ్యలో కడుపునొప్పి అని వెళ్ళేవాడు. కుస్తీ పోటీకి వెళ్ళాల్సిన జీపును ఆపించి వెళ్ళేవాడు. ఇష్టంతో చేసే రోజులు ఎప్పుడో అయిపోయాయి. కాళ్ళు వాటంతట అవే అటు నడిచేవి, అతను వాటి వెంట వెళ్ళేవాడు.

అన్న సంవత్సరీకానికి వెళ్ళాల్సిన రోజు కూడా అంతే. సంచి సర్దుకున్నాడు. బస్సుకు ఇంకా టైముంది కదా అనుకున్నాడు. తలుపు తీసి బయటికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. ఆ తరవాత బస్సు దొరికేదే. కానీ ఆ స్థితిలో, ఆ చేతులతో, అన్నకు పిండం పెట్టడానికి అతనికి కాళ్ళు రాలేదు. సాధన ఉందని వదినకు ఫోనులో చెప్పి, తాలీంవాళ్ళ కంటపడకుండా రాత్రిదాకా బయట తిరిగాడు. వదిన శేవంతా నమ్మిందనుకున్నాడు.

ఇప్పుడు రెండో ఏటి తిథి వస్తోంది. మొన్ననే ఆమె ఫోన్ చేసింది.

"ఈసారైనా వస్తావా అబ్బాయ్?"

"వస్తాను వదినా."

"పోయినేడూ వస్తాననే అన్నావు."

"ఈసారి వస్తాను."

దీన్ని మానుకుని, ఒళ్ళూ చేతులూ శుద్ధి చేసుకుని, మనిషిలా అన్న ముందు నిలబడాలని అతని కోరిక. ప్రమాణం కంటే అదే అతనికి పెద్దది. అందుకోసం అతను చేయని ప్రయత్నం లేదు. పహిల్వాన్లు రోజూ తాగే తండాయి పాలలో బాదం మానేశాడు. బాదం లేకపోతే ఇంధనం ఉండదని అతని ఆలోచన. మూడోరోజుకు నీరసం వచ్చింది, కోరిక మాత్రం ఎప్పటిలాగే ఆరోగ్యంగా ఉంది. బస్టాండు దగ్గర గుడారం వేసుకున్న వైద్యుడు ఒకడు, తప్పు చేసేది చెయ్యి కాబట్టి శిక్ష కూడా చేతికే వేయాలని సలహా ఇచ్చాడు. ఆరోజు మసాలా దంచుతున్నారు. హిందూరావు తాలీం వంటగదిలోకి వెళ్ళి, ఆడవాళ్ళు వద్దంటున్నా వినకుండా, నిప్పుల్లాంటి లవంగి మిరపకాయలు తొడిమలు తీసి చేత్తోనే నలిపాడు. ఈ చేతులతో ఇక ఎలా చేస్తానో చూద్దాం అనుకున్నాడు.

మధ్యాహ్నం కాళ్ళు ఎప్పటిలాగే నడిచాయి. చేతుల సంగతి వాటికి చెప్పినవాళ్ళు లేరు.

ఆ తరవాత సాయంత్రం వరకు హిందూరావు నీళ్ళతొట్టిలో మెడలోతున కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, పెదవులు కదుపుతూ ఉన్నాడు. అప్పుడే తాలీం చూడటానికి సాంగ్లీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. వస్తాద్ ఆయన్ని చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకువచ్చాడు.

"జలదీక్ష," అన్నాడు గొంతు తగ్గించి. "మాట్లాడించకండి. జపంలో ఉన్నాడు."

పెద్దమనిషి చేతులు జోడించాడు.

శనివారం వచ్చింది. గోదా మట్టిని తడిపి పసుపు, నూనె, మజ్జిగ, నిమ్మరసం కలిపారు. పారకు బంతిపూల దండ వేశారు. పహిల్వాన్లంతా లంగోటాలతో వరసగా నిలబడ్డారు. గోడమీద పాతకాలపు వస్తాదుల ఫోటోలకు గంధం బొట్లు పెట్టారు.

"రా నాన్నా," అన్నాడు దత్తోబా వస్తాద్. "మారుతి పాదాల మీద చెయ్యి వేసి చెప్పు."

హిందూరావు కుడిచెయ్యి చాపాడు. అది సగం దూరంలో ఆగింది. ఆ చెయ్యి సంగతి అతనికి తెలుసు. పోనీ ఎడమచెయ్యి వేద్దామా అనుకున్నాడు. దాని చరిత్ర కూడా అంత గొప్పది కాదు.

"వేయలేను వస్తాద్."

"ఏం, భుజం పట్టేసిందా?"

"కాదు. నా లంగోటా పదిలం కాదు."

గజానన్ ముందుకు వంగాడు. "ఎవర్రా పిల్ల?"

"పిల్లెవరూ లేరు."

"పిల్ల లేకుండా ఎలా పాడవుతుందిరా? ఎవరో ఒకరుండాలిగా?"

"నేనే," అన్నాడు హిందూరావు. "నేనొక్కణ్ణే."

అర్థం కావడానికి కొందరికి ఎక్కువసేపు పట్టింది, కొందరికి అసలు పట్టలేదు. వెంటనే అర్థమైనవాళ్ళు ఇంకా అర్థం కానట్టే ముఖాలు పెట్టారు.

వస్తాద్ దగ్గరికి వచ్చాడు. "మరి ఆ బస్కీలు?"

"వాటికే."

"అన్నీనా?"

"అన్నీ."

"ఆ జలదీక్ష?"

"అది మిరపకాయల వల్ల వస్తాద్."

ముసలాయన గట్టు మీద కూలబడ్డాడు. పహిల్వాన్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోలేదు. ఒకరి తొడలు ఒకరు చూసుకున్నారు. నిన్నటిదాకా తొడ బలిసినవాడు భక్తుడు. ఈ క్షణం నుంచి అనుమానితుడు. కొందరు మెల్లగా తువ్వాలు తీసి కప్పుకున్నారు. గజానన్ చూపు అలా అలా పోయి గోడమీద ఒక ఫోటో దగ్గర ఆగింది. అందులో పాతికేళ్ళ దత్తోబా గద భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆ తొడలు ఫోటో చట్రంలో పట్టక పక్కలకు ఒరుసుకుంటున్నాయి.

"ఎటు చూస్తున్నావురా?" అన్నాడు వస్తాద్.

"దేవుణ్ణి చూస్తున్నాను వస్తాద్."

"దేవుడు ఇటున్నాడు."

"అవును వస్తాద్."

పార అలాగే పడి ఉంది. మజ్జిగ కలిపిన మట్టి ఎండిపోతోంది. ఎవరో ఒకరు తవ్వాలి. చివరికి గజానన్ గొంతు సవరించుకుని, "నేను వేయనా చెయ్యి?" అన్నాడు. వెళ్ళి మారుతి పాదాల మీద ఒక చెయ్యి కాదు, రెండు చేతులూ వేశాడు. పుట్టిన దగ్గరనుంచి తనకు అలాంటి ఆలోచనే రాలేదని, అసలు అదేమిటో హిందూరావు చెప్పేదాకా తెలియదని, గట్టిగా, అందరికీ వినబడేలా ప్రమాణం చేశాడు. మారుతి ఏమీ అనలేదు. వస్తాద్ అతనివైపు చాలాసేపు చూసి పార అందించాడు.

వార్త కొల్హాపూరంతా పాకింది. టీ బండి దగ్గర పక్క తాలీం పహిల్వాన్లు, "ఏం పహిల్వాన్, బస్కీలు బాగా సాగుతున్నాయా?" అని పలకరించేవారు. రోడ్డు మీద పోయే మనిషి కూడా తాలీం కిటికీలోంచి తొంగిచూసి ఎవరు బస్కీలు తీస్తున్నారో చూసిపోయేవాడు. వస్తాద్ పరువు గోదాలో కలిసింది. ఆయన ఒకరోజు కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళ్టినుంచి ఎవడైనా సరే, చెప్పినవాటికి మించి ఒక్క బస్కీ తీశాడా, కాళ్ళు విరగ్గొడతాను. తప్పు చేస్తే చేసి చావండి. మారుతికి చెప్పక్కర్లేదు."

ఆ ఆజ్ఞ అందరికంటే హిందూరావుకు బరువైంది. ఇన్నాళ్ళూ అతనికి ఒక వెసులుబాటు ఉండేది. తప్పు చేసేవాడు, బస్కీలు తీసేవాడు, తొడలు మండేవి, లెక్క తీరిపోయేది. తీరిన లెక్క మీద మళ్ళీ కొత్తగా మొదలుపెట్టేవాడు. ఇప్పుడు చేసిన తప్పు చేసినట్టే ఉండిపోయింది. తెల్లవారి మారుతి ముందుకు వచ్చి నిలబడేవాడు. ఏం చేయాలో తోచేది కాదు. ఊరికే నిలబడితే కాసేపటికి సిగ్గు కూడా విసుగెత్తి పక్కకు తప్పుకునేది. దాని వెనక ఉన్నది కనబడేది. అది గోడపక్కన ఖాళీ నేల. అది చూడగానే మళ్ళీ స్నానాలగది గుర్తుకొచ్చేది.

రెండు రోజులు చూసి వస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏమిటి అలా గుడిలో స్తంభంలా?"

"బస్కీలు తీయొద్దన్నారుగా. ఇంకేం చేయాలో తెలియడం లేదు."

"ఇంకా మానలేదా?"

"మానాలనే ఉంది వస్తాద్. నా చేతిలో లేదు."

వస్తాద్ ఆ మాటకు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. వాడు హాస్యమాడటం లేదని తెలిసి, "చెప్పులేసుకో. పద," అన్నాడు.

ఆయనకు తెలిసిన పెద్ద డాక్టరు షిరోడ్కర్ బాయి ఒక్కతే. విరిగిన వేళ్ళూ జారిన భుజాలూ ముప్పయ్యేళ్ళుగా ఆమె దగ్గరికే తీసుకెళ్తున్నాడు. ఇద్దరూ వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"ఎక్కడ దెబ్బ?" అని అడిగింది ఆమె కళ్ళద్దాల మీదుగా.

వస్తాద్ మట్టిలో ఎంతమందినో చిత్తుచేసినవాడు. ఆడమనిషి ముందు ఆ మాట ఎలా చెప్పాలో ఆయనకు దారి దొరకలేదు. పైకప్పు చూశాడు. ఫ్యాను చూశాడు. "కుర్రవాడు... బలం... వృథా చేస్తున్నాడు," అన్నాడు. చేత్తో ఏదో చూపించబోయి, ఏం చూపించబోతున్నాడో తెలిసి చెయ్యి చటుక్కున తొడ కింద పెట్టుకున్నాడు.

"హస్తప్రయోగమా?" అంది ఆమె, జలుబా అన్నంత తేలిగ్గా.

వస్తాద్ మారుతిని తలుచుకున్నాడు. "ఎన్ని బాదంగింజలు పోయుంటాయి డాక్టరమ్మా?"

"ఒక్కటీ పోదు. బలమెక్కడికీ పోదు. ఈయన తొడలు చూస్తే తెలియడం లేదా?"

"అది బస్కీల వల్ల..."

"మీరు కాసేపు ఊరుకోండి." ఆమె హిందూరావువైపు తిరిగింది. "ఆ పని వల్ల నీకు జబ్బేమీ రాదు. అందరూ చేసేదే. కానీ వద్దనుకున్నా ఆపలేకపోతున్నావు, దానికోసం మిగతా పనులు వదిలేస్తున్నావు. చూడాల్సింది అదీ. ఎప్పుడు మొదలైంది ఇలా?"

"రెండేళ్ళయింది."

"అప్పుడేం జరిగింది?"

"మా అన్న పోయాడు."

"రోజులో ఏ వేళ ఎక్కువ?"

"మధ్యాహ్నం. పక్కలేసుకున్నాక. నా పక్కన మా అన్న చోటు అలాగే ఖాళీగా ఉంచారు. అటు తిరిగితే నేల కనబడుతుంది. ఇటు తిరిగినా అది అటుందని తెలుస్తుంది. అప్పుడు లేచిపోతాను."

వస్తాద్ కుర్చీలో కదిలాడు. ఆ చోటు అలా ఉంచమన్నది ఆయనే. డాక్టరమ్మ ఇంకా ఏవో చెప్పింది. ఫోను మధ్యాహ్నం దగ్గర పెట్టుకోవద్దంది. ఒంటరిగా ఉండొద్దంది, తప్పినరోజు పెద్ద ఘోరం జరిగినట్టు కూలబడొద్దంది, వారానికోసారి వచ్చి మాట్లాడమంది. హిందూరావు అన్నీ విన్నాడు. వస్తాద్ ఏమీ వినలేదు. బయటికి వచ్చి ఆయన ముందు నడిచాడు. తాలీం గుమ్మం దగ్గర ఆగి, "నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు.

"మర్యాద చేశారు కదా వస్తాద్. వద్దని ఎలా చెప్పను?"

ఆ మధ్యాహ్నం వస్తాద్ పొడుగాటి గదిలోకి వచ్చి మేకుకున్న లంగోటా తీసి, మడతపెట్టి, తన పెట్టెలో దాచాడు. గజానన్‌ను పిలిచి గోడపక్క చోటు చూపించాడు.

"నీ పక్క ఇక్కడ వేయి."

"అక్కడా? మాలోజీ దాదా చోటు కదా?"

"అందుకే చెబుతున్నాను. వాడి తరవాత ఈ తాలీంలో అంత చెడ్డ గురక నీదే."

గజానన్ పక్క వేశాడు. అతనికి ప్రమాణం చేసిన గర్వం ఇంకా తగ్గలేదు. పడుకుని కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. "చూడు హిందూ, అసలు బ్రహ్మచర్యమంటే ఏమిటంటే..."

"నోర్మూసుకుని పడుకోరా."

"నీ మంచికే చెబుతున్నా. నన్ను చూడు, నాకు ఆ ధ్యాసే రాదు."

"మరి నిన్న స్నానాలగదిలో అంతసేపు ఏం చేశావు?"

"తల రుద్దుకున్నాను."

"నీకు తలమీద వెంట్రుకెక్కడుందిరా?"

గజానన్ అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి అతని గురక రోడ్డుమీద పోయే ట్రాక్టరును కూడా వినబడనివ్వలేదు. హిందూరావు ఆరోజు కూడా లేచి వెళ్ళాడు. మర్నాడూ వెళ్ళాడు. ఆ మరుసటి రోజు వెళ్ళబోతుంటే వస్తాద్ వంటగది గుమ్మంలో నానబెట్టిన బాదంపప్పు ముందేసుకుని కనిపించాడు. "కూర్చో. తొక్కలు తీయి," అన్నాడు. కూర్చుని తొక్కలు తీశాడు. వస్తాద్ మాలోజీ కుస్తీల గురించి మాట్లాడాడు. సాతారాలో ఒకణ్ణి ఎత్తి పడేసి, పడినవాడికే నీళ్ళు తెచ్చి తాగించిన సంగతి చెప్పాడు. రెండేళ్ళలో మాలోజీ పేరు అంతసేపు ఎవరూ ఎత్తలేదు. హిందూరావు తలవంచుకుని తొక్కలు తీస్తూనే ఉన్నాడు. చాలా బాదాలు తడిగా ఉన్నాయి. అవి నానినవే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

మానడమంటే ఒక్కరోజులో తెగిపోతుందని అతను అనుకునేవాడు. అలా జరగలేదు. కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ జారేవాడు. జారినరోజు వస్తాద్ దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు.

"మళ్ళీనా?"

"మళ్ళీ."

"చెప్పకు. సరే చెప్పు. ఎందుకు?"

"ఊరినుంచి మావాళ్ళ ఫోనొచ్చింది. ఎత్తలేదు."

"ఎత్తరా మరి! ఫోను ఎత్తడానికి దమ్ము లేనివాడు పహిల్వానేమిటి? పో, పప్పు రుబ్బు."

ఆ పని అతన్ని వదిలిపోయిందని చెప్పలేం. కానీ కాళ్ళు ఇప్పుడు అతను చెప్పినచోటికే నడిచేవి. జీపు ఆపించడం మానేశాడు. సాధన మధ్యలో కడుపునొప్పి రావడం తగ్గింది. ఎప్పుడైనా ఆ పని చేస్తే చేశాడు, తరవాత స్నానం చేసి తన పని తాను చూసుకున్నాడు. ఒక మధ్యాహ్నం నిద్రలో గజానన్ కాలు వచ్చి అతని మీద పడింది. దాన్ని తీసేయబోయి, తీయకుండా అలాగే పడుకున్నాడు. లేచేసరికి సాయంత్రమైంది.

తిథి రోజు వచ్చింది. పొద్దున్నే సంచి సర్దుకుంటుంటే పాత భయం మళ్ళీ పట్టుకుంది. ముందురోజే ఒకసారి జారాడు. ఇంకా శుద్ధి కాలేదు, వచ్చే ఏడు వెళ్తే బాగుంటుందేమో అనిపించింది. వస్తాద్ దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పాడు.

"శుద్ధి అయ్యాకే వెళ్ళాలంటే ఈ తాలీంలో ఒక్కడు కూడా తన బాబుకు పిండం పెట్టలేడు," అన్నాడు దత్తోబా వస్తాద్. "బస్సు వెళ్ళిపోతుంది. నడువు."

బస్సు చెరకుతోటల మధ్య ఊరు చేరింది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. మనిషి చిక్కింది. అతన్ని చూసి నవ్వలేదు, ఏడవలేదు. "కాళ్ళు కడుక్కో. అందరూ నదికి బయలుదేరుతున్నారు," అంది.

"వదినా, పోయినేడు సాధన లేదు. అబద్ధం చెప్పాను."

"తెలుసు. ఆరోజు వస్తాద్ ఫోన్ చేసి నువ్వు చేరావా అని అడిగాడు. చేరావనే చెప్పాను."

ఆమె నమ్మిందనుకుని అతను బతికిన ఏడాదంతా ఆమెకు తెలుసు.

"తాగావా ఆరోజు?"

"లేదు."

"ఎవరైనా అమ్మాయా?"

"కాదు వదినా. చెప్పుకునేది కాదు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. ముఖం పక్కకు తిప్పుకుంది. "సరే చెప్పకు. పోయినేడు కాకి రాలేదు. అందరం ఎండలో కూర్చున్నాం. చివరికి పంతులు దర్భతో కాకిని చేసి ముట్టించాడు. నువ్వు రాలేదనే మీ అన్న అలిగాడని అత్తయ్య ఇప్పటికీ అంటుంది. అది గుర్తుపెట్టుకో చాలు."

పంచగంగ ఒడ్డున పిండాలు పెట్టారు. పక్కన విస్తరిలో అన్నం, పప్పు, ఖీరు, మాలోజీకి ఇష్టమైన వడలు. అందరూ దూరం జరిగారు. కాకులు తుమ్మచెట్టు మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి గాని ఒక్కటీ దిగడం లేదు. ఎండ ఎక్కుతోంది. పంతులు గడియారం చూసుకున్నాడు.

"వాడికేదో కోరిక మిగిలింది," అన్నాడు మేనమామ. "ఎవరైనా మాట ఇవ్వండి."

తల్లి మాట ఇచ్చింది. శేవంతా ఇచ్చింది. కాకులు కదల్లేదు. అందరూ హిందూరావువైపు చూశారు.

అతను విస్తరి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇక జన్మలో ఆ పని చేయనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అది అన్నకు అబద్ధమవుతుందని ఆగిపోయాడు.

"దాదా, పోయినేడు బస్సు తప్పిపోలేదు. నేనే తప్పించాను. నువ్వు లేకపోతే మధ్యాహ్నాలు ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు." కట్టుకున్న చేతులు విప్పి జోడించాడు. "ప్రతి ఏడూ వస్తాను. కోతలకు కూడా వస్తాను. ఇంతకంటే పెద్ద మాట ఇవ్వలేను."

వెనక ఎవరో ముక్కు చీదారు. తుమ్మచెట్టు మీదినుంచి ఒక కాకి దిగింది. పిండం చుట్టూ తిరిగింది. తల అటూ ఇటూ వంచి చూసింది. పిండాన్ని వదిలేసి, వడ ఒకటి ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

"పిండం ముట్టలేదే!" అంది తల్లి.

"వడ తీసుకుంది కదా," అన్నాడు మేనమామ.

"వడ లెక్కలోకి వస్తుందా పంతులుగారూ?"

పంతులుకు ఆకలిగా ఉంది. "వస్తుంది," అన్నాడు. "శాస్త్రంలో వడకు అడ్డు లేదు."

శేవంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని హిందూరావు దగ్గరికి వెళ్ళాడు.

"మీ అన్న బతికున్నప్పుడు కూడా అంతే," అంది ఆమె, నవ్వు ఆపుకోలేక. "అన్నం వడ్డిస్తే ముందు వడ ఎత్తుకుపోయేవాడు."

అతనికీ నవ్వు వచ్చింది. ఇద్దరూ నది ఒడ్డున, అందరూ చూస్తుండగా, తిథి రోజున చేయకూడనంత గట్టిగా నవ్వారు. తరవాత వదిన కళ్ళు తుడుచుకుని, "పద, భోజనాలకు ఆలస్యమవుతోంది," అని ఖాళీ గిన్నెలు అతని చేతికిచ్చింది.